పట్నం పక్కన పెరిగే ఊళ్లు



షాద్‌నగర్ మీలో చాలామందికి తెలిసిన ఊరే. హైదరాబాద్ నుంచి కర్నూలు, బెంగళూరు వెళ్లే హైవే మీద, పట్నానికి సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్ పోయే రైళ్లు అక్కడ ఆగుతాయి. ఉపగ్రహాలు పంపే చిత్రాలను అందుకునే ఇస్రో వారి కేంద్రం కూడా ఆ ఊరి దగ్గరే ఉంది. అక్కడి తెరల మీద దేశంలో ఏ మూలనున్న పైకప్పునైనా చూడొచ్చు. ఆ పైకప్పు కింద రాత్రికి ఎంతమంది పడుకుంటున్నారో మాత్రం ఏ ఉపగ్రహమూ చెప్పలేదు. ఈ పూట మనం మాట్లాడుకోబోయేది ఆ సంగతే. పెద్ద పట్నం పక్కనున్న ఇలాంటి ఊళ్లలో జనం ఎందుకు పెరుగుతారు?

ఎవరినైనా అడిగి చూడండి. "పిల్లలు పుడుతున్నారు, జనం పెరుగుతున్నారు" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. ఒకప్పుడు ఆ మాట నిజం. ఇప్పుడు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక్కో స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలు. తల్లిదండ్రుల తరం స్థానంలో అంతే తరం రావాలంటే 2.1 ఉండాలి. అంటే మన దగ్గర కాన్పులు ఆ గీత కిందికి దిగిపోయాయి. మరి పట్నం పక్క ఊళ్లు ఎలా నిండుతున్నాయి?

ఊరిని చెరువు అనుకోండి. చెరువు నిండాలంటే వాన పడాలి. లేదా వాగు రావాలి. ఈ రెండూ లేకపోయినా, తూము మూస్తే ఉన్న నీళ్లు నిలుస్తాయి. వాన అంటే పుట్టుకలు. వాగు అంటే బయటినుంచి వచ్చే జనం. తూము అంటే ఊరు విడిచి పోయేవాళ్లు. పట్నం పక్క ఊళ్లలో వాన తగ్గింది, వాగు పెరిగింది. తూము సంగతి ఎవరూ పట్టించుకోరు. కాసేపట్లో దాని దగ్గరికీ వద్దాం.

ముందు వాగు. అంకెలు ఎక్కువ చెప్పి మిమ్మల్ని విసిగించను, రెండే చెబుతాను. 2001 నుంచి 2011 దాకా, ఆ పదేళ్లలో హైదరాబాద్ జిల్లా జనాభా పెరిగింది దాదాపు 3 శాతం. దాన్ని చుట్టుకుని ఉన్న రంగారెడ్డి జిల్లా జనాభా పెరిగింది 48 శాతం. మళ్లీ చెబుతున్నాను. నడిమి పట్నంలో మూడు, చుట్టూ నలభై ఎనిమిది. అప్పటి రంగారెడ్డి జిల్లాలో కూకట్‌పల్లి, ఎల్బీనగర్, ఉప్పల్ వంటివన్నీ ఉండేవి. కాబట్టి ఇదంతా పల్లెల పెరుగుదల అనుకోకూడదు. కానీ పట్నం ఎటు పొంగుతోందో ఆ రెండు అంకెలే చెబుతున్నాయి.

ఇక్కడ చిన్న జాగ్రత్త కూడా చెప్పాలి. షాద్‌నగర్ 2016 దసరా దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ఆ రోజు కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి, షాద్‌నగర్ రంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినందుకు ఒక్క మనిషి కూడా మూటాముల్లె సర్దుకోలేదు. కాగితం మీద లెక్క మాత్రం ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు పోయింది. పక్క గ్రామాలను మున్సిపాలిటీలో కలిపినప్పుడూ ఇంతే. "మా టౌను జనాభా ఒక్కసారిగా ఇంత పెరిగింది" అని ఎవరైనా గొప్పగా చెబితే, హద్దులు జరిపారేమో ముందు అడగండి.

సరే, హద్దులు జరపకుండా నిజంగా వచ్చినవాళ్ల సంగతి చూద్దాం. వాళ్లు ఎందుకు వచ్చారు?

పని కోసం. ఇది అందరికీ తెలిసిన జవాబే. కొత్తూరు, నందిగామ వైపు వెళితే ఫ్యాక్టరీలు, గోదాములు వరసగా కనిపిస్తాయి. పట్నం దగ్గర, హైవే దగ్గర, పట్నంతో పోలిస్తే భూమి చవక. 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చింది, ఔటర్ రింగు రోడ్డు దశలవారీగా వచ్చింది. దాంతో ఆ చవక భూమికి గిరాకీ ఇంకా పెరిగింది.

అయితే పని ఎవరిని తీసుకొస్తుంది? నా దృష్టిలో అసలు ప్రశ్న ఇది. పని ముందు మనిషిని తీసుకొస్తుంది, కుటుంబాన్ని తీసుకురాదు. ఈ తేడాను కాస్త గుర్తుపెట్టుకోండి. మనిషి వేరు, కుటుంబం వేరు.

ఫ్యాక్టరీల దగ్గరి ఊళ్లలో ఏ సందులోకి వెళ్లినా లైను గదులు కనిపిస్తాయి. పైన రేకులు, మధ్యలో నడవ, అటో వరస ఇటో వరస గదులు. చివర రెండు బాత్‌రూములు, ఒక నల్లా. గది ముందు తాడు మీద ఒకే రంగు యూనిఫారాలు ఆరేసి ఉంటాయి. పగలు డ్యూటీ వాళ్లు లేచి వెళ్లిన చాప మీదే రాత్రి డ్యూటీ వాళ్లు వచ్చి పడుకుంటారు. అలాంటి గదుల యజమానిని ఒకసారి కదిలించాను. ఎకరం అమ్మి, ఆ డబ్బుతో గదులు వేసిన రైతు.

"గదికి ఎంత కిరాయి పటేలా?" అని అడిగితే నవ్వాడు.

"ఫ్యామిలీ అయితే గదికి ఇంత అంటం సారూ. ఈళ్లకు గదికి గాదు, తలకు ఇంత."

తలకు ఇంత! జనాభా పెరగడమంటే ఏమిటో ఆ పెద్దమనిషి రెండు ముక్కల్లో తేల్చేశాడు.

ఆ సందు మొదట్లో ఉన్న కిరాణా కొట్టులో పల్లీనూనె ప్యాకెట్ల పక్కన ఆవనూనె సీసాలున్నాయి. పదిహేనేళ్ల కింద ఆ ఊళ్లో ఆవనూనెతో కూర వండుకునే ఇల్లు లేదు. ఇప్పుడు బిహార్ వాళ్లున్నారు, ఒడిశా వాళ్లున్నారు, కొట్టు యజమాని సరుకు మార్చాడు. జనగణన వాళ్లు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఊరికి ఎవరు వస్తున్నారో తెలియాలంటే కిరాణా కొట్టు అరలు చూస్తే చాలు.

మరి మనిషి వెంట కుటుంబం ఎప్పుడు వస్తుంది? దీనికి పాత ఉదాహరణ ఒకటి ఉంది. పటాన్‌చెరు దారిలో రామచంద్రాపురం దగ్గర 1960లలో బీహెచ్ఈఎల్ వచ్చింది. అక్కడ ఫ్యాక్టరీతో పాటు టౌన్‌షిప్ కట్టారు. క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, నల్లా నీళ్లు. ఉద్యోగంలో చేరినవాడు భార్యాబిడ్డలతో దిగాడు. వాళ్ల పిల్లలు అక్కడే పుట్టి, అక్కడే చదివి, చాలామంది ఆ చుట్టుపక్కలే స్థిరపడ్డారు. ఇప్పుడు కాంట్రాక్టు పని మీద వచ్చే కుర్రాడికి దొరికేది గదిలో ఒక మూల. రెండూ ఫ్యాక్టరీలే, రెండూ పట్నం పక్కనే. ఒకచోట కుటుంబాలు పెరిగాయి, ఇంకోచోట తలలు పెరిగాయి.

అందుకే మళ్లీ అంటున్నాను. పని మనిషిని రప్పిస్తుంది. బడి, నీళ్లు, ఆసుపత్రి, భరించగలిగిన కిరాయి, ఇవి ఉంటేనే కుటుంబం వస్తుంది.

విమానాశ్రయం పని మీద వ్యాను నడిపే అబ్బాయి ఒకడు పరిచయమయ్యాడు. సొంతూరు కొల్లాపూర్ వైపు. పని శంషాబాద్‌లో, కాపురం షాద్‌నగర్‌లో. "రోజూ ఇంత దూరం ఎందుకు తమ్మీ, అక్కడే ఉండొచ్చుగా?" అన్నాను.

"శంషాబాద్‌ల కిరాయి కడితే ఇంకేం మిగుల్తది సార్? ఈడ అదే కిరాయికి రెండు రూములొస్తయి. మా అమ్మ కూడా మాతోనే ఉంటది."

ఎప్పటినుంచి ఉంటున్నావని అడిగితే ఇంకో సంగతి చెప్పాడు.

"మొదాలు నేనొక్కణ్నే ఉన్న. బిడ్డను ఎల్కేజీల ఎయ్యాలె అన్నప్పుడు ఇంటామె వచ్చింది. బడి మంచిగలేకుంటే రానే రాకపోవు."

చూశారా? వ్యాను పని అతణ్ని తెచ్చింది. కిరాయి షాద్‌నగర్‌లో ఆపింది. బడి భార్యను, బిడ్డను తెచ్చింది. ఆ తర్వాత తల్లి వచ్చింది. ఒక్క ఉద్యోగానికి నలుగురు మనుషులు, కానీ ఒకేసారి కాదు, ఒకరి వెంట ఒకరు. పట్నం కిరాయిలు తోసేస్తుంటే బయటి ఊరు అందుకుంటుంది. విమానాశ్రయం శంషాబాద్‌లో ఉన్నా, దాని జనం కొంత షాద్‌నగర్‌లో పెరుగుతారు.

ఇంకో రకం కూడా ఉంది. పెద్ద ఊరు ఒకటి కాక రెండుంటే? గుంటూరు, విజయవాడల నడుమ మంగళగిరిని చూడండి. భర్త ఉద్యోగం విజయవాడలో, భార్య ఉద్యోగం గుంటూరులో. ఏ ఊళ్లో కాపురం పెట్టినా రెండోవారికి దూరం. నడుమ ఉన్న ఊరు ఇద్దరికీ అందుబాటు. ఆడవాళ్ల ఉద్యోగాలు పెరిగేకొద్దీ ఇలాంటి నడిమి ఊళ్లకు బలం పెరిగింది. ఆ పైన ఎయిమ్స్ వచ్చింది, చుట్టుపక్కల విశ్వవిద్యాలయాలు వచ్చాయి. 2021లో మంగళగిరి, తాడేపల్లి కలిసి నగరపాలక సంస్థ అయ్యాయి. హాస్టల్లో ఉండే విద్యార్థి కూడా జనగణనలో ఆ ఊరి మనిషే. నాలుగేళ్లకు ఒక బ్యాచ్ వెళ్లిపోయినా, ఆ గదుల్లోకి ఇంకో బ్యాచ్ వస్తుంది. మనుషులు మారుతుంటారు, లెక్క నిలుస్తుంది.

ఇప్పుడు తూము దగ్గరికి వద్దాం. ఎవరూ పట్టించుకోరని ఇందాక అన్నానే, ఆ తూము.

షాద్‌నగర్ ఒకప్పుడు మహబూబ్‌నగర్, అంటే పాలమూరు జిల్లా ఊరని చెప్పాను. పాలమూరు అంటే వలసలు. పాలమూరు కూలీ చెయ్యి పడని ప్రాజెక్టు లేదంటారు. బొంబాయి, పుణె బస్సులెక్కి సంసారాలకు సంసారాలే పోయేవి. ముసలివాళ్లను, తాళం వేసిన ఇళ్లను వెనక వదిలేసి పోయేవాళ్లు. ఆ జిల్లాలో పట్నం వైపున్న అంచు ఊళ్లలో ఆ పోవడం మెల్లగా తగ్గింది. పొద్దున ఫ్యాక్టరీకి వెళ్లి రాత్రికి ఇంటికొచ్చే పని దొరికితే, బొంబాయి ఎందుకు?

ఇది చాలా పెద్ద మార్పు, అయినా కంటికి కనపడదు. బయటినుంచి వచ్చినవాడి భాష వేరు, తిండి వేరు, కాబట్టి అతను కనిపిస్తాడు. పోవాల్సినవాడు పోకుండా ఆగిపోతే ఎవరికి కనిపిస్తాడు? నిన్న ఉన్నాడు, ఈరోజూ ఉన్నాడు, అంతే. కానీ లెక్కకు ఇద్దరూ సమానమే. ఒకడు కొత్తగా రావడం, ఒకడు పోకుండా ఉండిపోవడం, రెండింటివల్లా ఊరి లెక్కలో ఒక్కో మనిషి ఎక్కువ ఉంటాడు. "బయటివాళ్లు వచ్చి ఊరు నిండిపోయింది" అనే మాట వింటుంటాం. మన పిల్లలు మన దగ్గరే ఉండటం వల్ల కూడా నిండిందని గుర్తుంచుకోవాలి.

ఇక, జనాన్ని పెంచుతాయని అందరూ అనుకునేవి, నిజానికి అంతగా పెంచనివి కొన్ని ఉన్నాయి.

మొదటిది ప్లాట్లు. షాద్‌నగర్ చుట్టూ ఏ దారిన పోయినా వెంచర్లే. పెద్ద కమాను, తారు రోడ్లు, రంగు వేసిన హద్దురాళ్లు, పిల్లల పార్కులో ఊయల. ఊయల ఊగే పిల్లలు లేరు. రాళ్ల మధ్య గడ్డి పెరిగింది, మేకలు మేస్తున్నాయి. ఆ ప్లాట్లు కొన్నవాళ్లు కూకట్‌పల్లిలో ఉంటారు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటారు, డాలస్‌లో ఉంటారు. ఇల్లు కట్టుకుందామని కొన్నవాళ్లు తక్కువ, ధర పెరిగాక అమ్ముదామని కొన్నవాళ్లు ఎక్కువ. భూమి అమ్మిన రైతు కొన్నిచోట్ల ఆ ఊరే విడిచి పట్నం చేరాడు. అక్కడే ఇల్లు కట్టుకుందామనుకున్న వ్యాను డ్రైవరుకు గజం ధర అందనంత ఎత్తుకు పోయింది. అంటే ప్లాట్ల వ్యాపారం జనాన్ని తేకపోగా, ఉండాలనుకున్నవాళ్లకే అడ్డం పడుతోంది. రియల్ ఎస్టేట్ ప్రకటనలు చూసి ఊరు పెరుగుతోందనుకోవడం మనకు అలవాటైంది. ప్లాట్లు పెరగడం వేరు, జనం పెరగడం వేరు.

రెండోది డేటా సెంటర్లు. చందనవెల్లి, మేకగూడ వైపు వచ్చాయి. చూడటానికి మహా కట్టడాలు. కట్టేటప్పుడు కూలీలు పెద్ద సంఖ్యలో వస్తారు. కట్టడం అయ్యాక లోపల ఉండేవి ఎక్కువగా యంత్రాలే, మనుషులు కొద్దిమంది. ఎకరాలను బట్టి జనాన్ని అంచనా వేస్తే తప్పిపోతాం. అదే జాగాలో బట్టలు కుట్టే యూనిట్ పెడితే ఎంతమంది ఆడవాళ్లకు పని దొరుకుతుందో ఊహించండి.

మూడోది, మీకు ఆశ్చర్యం కలగొచ్చు, రోడ్డు. రోడ్డు వస్తే జనం వస్తారనుకుంటాం. వస్తారు. కానీ అదే రోడ్డు మీద వెనక్కీ పోతారు. సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి చూడండి. మేనేజర్లు, ఇంజనీర్లు ఎక్కిన ఏసీ బస్సు పట్నం వైపు తిరుగుతుంది. బడిలో టీచరు, ఆసుపత్రిలో డాక్టరు, ఆఫీసులో అధికారి, వీళ్లలో చాలామంది అప్ అండ్ డౌనే. రోడ్డు బాగయ్యేకొద్దీ ఊళ్లో ఉండాల్సిన అవసరం వాళ్లకు తగ్గింది. పాత రోజుల్లో బదిలీ మీద వచ్చిన టీచరు ఆ ఊళ్లోనే ఇల్లు అద్దెకు తీసుకునేవాడు, తన పిల్లల్ని ఆ ఊరి బడిలోనే వేసేవాడు. ఇప్పుడు జీతం ఇక్కడ తీసుకుని ఖర్చు పట్నంలో పెడతాడు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు, ఆయన పిల్లల చదువు పట్నంలో ఉంది. రోడ్డు మనుషుల్ని రెండువైపులా మోస్తుంది. ఎవరు రాత్రికి ఇక్కడ దిగుతారన్నది మళ్లీ బడి, నీళ్లు, ఆసుపత్రి చేతిలోనే ఉంది. ఇప్పుడు రీజినల్ రింగ్ రోడ్డు రాబోతోందంటున్నారు. ధరలు ముందే వచ్చేశాయి. జనం వస్తారా అన్నది మాత్రం రోడ్డొక్కటే తేల్చే విషయం కాదు.

పట్నానికి దగ్గరగా ఉంటే చాలు, ఊరు పెరుగుతుందా అంటే, అదీ లేదు. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల చుట్టూ ఉన్న ఊళ్లను చూడండి. మొయినాబాద్ వైపు ఊళ్లు షాద్‌నగర్ కన్నా పట్నానికి చాలా దగ్గర. కానీ ఆ చెరువుల నీళ్లు చెడిపోకూడదని 1996లో ప్రభుత్వం 111 నంబరు జీవో తెచ్చింది. 84 గ్రామాల్లో ఫ్యాక్టరీలకు, పెద్ద కట్టడాలకు అడ్డుకట్ట వేసింది. ఆ ఆంక్షలను సడలిస్తూ 2022లో ఇంకో జీవో వచ్చినా, అంతకుముందు పాతికేళ్లు అక్కడ పూలతోటలు, ఫామ్‌హౌసులు, పెళ్లిమండపాలు పెరిగాయి గాని అపార్టుమెంట్లు పెద్దగా లేవలేదు. ఆ గ్రామాల అవతల, ఇంకా దూరంగా ఉన్న ఊళ్లు పెరిగాయి. జనం ఎక్కడ ఉండాలన్నది దూరంతో పాటు ఒక్కోసారి ప్రభుత్వ ఉత్తర్వు కూడా నిర్ణయిస్తుంది.

చివరగా వాన సంగతి. పుట్టుకలు తగ్గాయన్నాను. మరి షాద్‌నగర్ ఆసుపత్రుల్లో కాన్పుల వార్డులు ఎందుకు నిండుతున్నాయి అని మీరు అడగొచ్చు. వచ్చేవాళ్లంతా వయసులో ఉన్నవాళ్లు. ఇరవై, ముప్పై మధ్యవాళ్లు. వాళ్లకు ఒకరిద్దరే పుట్టినా, పిల్లల్ని కనే వయసువాళ్లు ఒకచోట చేరితే ఊళ్లో కాన్పులు ఎక్కువే అవుతాయి. వాళ్లు వదిలొచ్చిన ఊళ్లో ముసలివాళ్లు మిగులుతారు, అక్కడ ఉయ్యాలలు తగ్గుతాయి. కాబట్టి ఈ ఊరి పుట్టుకల్లో కూడా సగం కథ వలసదే. వాగు తెచ్చిన వాన అనుకోండి.

2021లో జరగాల్సిన జనగణన ఆగిపోయింది. ఇప్పుడు 2027 ఫిబ్రవరిలో జనాన్ని లెక్కపెడతామని ప్రకటించారు. ఫిబ్రవరి అంటే ఇటుక బట్టీల కాలం. పట్నం చుట్టూ ఉన్న బట్టీల్లో ఒడిశా కుటుంబాలు పిల్లాపాపలతో ఉంటాయి. జూన్ వానలకు వెళ్లిపోయేవాళ్లు కూడా ఆ లెక్కలో ఇక్కడివాళ్లుగానే పడతారు. లెక్క వచ్చినప్పుడు ఇది మనసులో ఉంచుకోండి.

ఆ లెక్కలు బయటికొచ్చాక పత్రికలు మొత్తం జనాభా అంకెను పెద్ద అక్షరాల్లో వేస్తాయి. మీరు మీ మండలం పేజీ తీసి ఇంకో రెండు గళ్లు చూడండి. ఒకటి, వెయ్యిమంది మగవాళ్లకు ఎంతమంది ఆడవాళ్లున్నారన్నది. రెండోది, ఆరేళ్ల వయసు దాకా పిల్లలు ఎందరన్నది. ఆడవాళ్ల అంకె బాగా తక్కువగా ఉండి, పిల్లలూ తక్కువగా ఉంటే, అక్కడ పెరిగినవి లైను గదులు. ఆడవాళ్లూ పిల్లలూ మొత్తం జనంతో పాటు పెరిగితే, అక్కడికి కుటుంబాలు వచ్చాయి. బడికి గదులు, అంగన్‌వాడీకి టీచరు, నల్లాకు నీళ్లు ఎన్ని కావాలో మీ సర్పంచిని, మీ కౌన్సిలర్ని ఆ రెండు గళ్లు చూపించి అడగండి.